కట్టిన చోటే తెలుపు

ఏప్రిల్ 7, ఆదివారం

ఇవాళ కూడా చెప్పలేదు.

పొద్దున అత్తమ్మ గోరుచిక్కుడు ఈనెలు తీస్తుంటే ఎదురుగా చాప వేసుకుని కూర్చున్నాను. నోరు తెరిచాను. ఏందే, ఏమన్న నొస్తుందా అంది. పన్ను అన్నాను. లేచి వెళ్లి లవంగం తెచ్చి ఇచ్చింది. శుభ్రంగా ఉన్న పన్నుతో లవంగం నములుతూ షాపుకి పోయాను.

చెప్పాల్సింది ఒక్క మాట. ఆగస్టులో నేను మళ్లీ పెళ్లి చేసుకుంటున్నాను. రాస్తే ఇంతే ఉంది.

ఆయన పేరు చక్రపాణి. కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెబుతారు. ఊరు అమలాపురం వైపు, ఉండేది ఎల్బీనగర్‌లో కిరాయి ఇంట్లో. భార్య పోయి చాలా ఏళ్లయింది. కూతురు తన్మయికి బెంగళూరులో ఉద్యోగం. అందరికంటే ముందు ఒప్పుకున్నది ఆ పిల్లే. చెల్లెలికి పెట్టాలని ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో మా షాపుకి వచ్చి పోచంపల్లి చీర కొన్నారు. రంగు నచ్చలేదట, మార్చుకోవడానికి వచ్చారు. మళ్లీ వచ్చారు. మళ్లీ. అసలు ఆ చెల్లెలు ఉందంటారా మేడమ్ అని కౌంటర్ అమ్మాయి అడిగేదాకా నాకు వెలగలేదు. చెల్లెలు ఉంది. మొదటి చీరే ఆమెకి నచ్చిందట.

నా భర్త ఉపేందర్ కరోనా రెండో విడతలో పోయాడు. మూడేళ్లు కావస్తోంది. మాకు పిల్లలు లేరు. అప్పటినుంచీ దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఈ ఇంట్లో నేనూ, ఆయన తల్లి వజ్రమ్మా. మిగతా అత్తాకోడళ్ల సంగతి నాకు తెలీదు. మేం మాత్రం ఒకే సీరియల్ చూసి ఇద్దరం ఒకే మనిషిని తిడతాం.

నాకు చక్రపాణి కావాలి. అత్తమ్మా కావాలి. పెళ్లయ్యాక ఆమె నాతోనే ఉండాలి. ఆయన దానికి వెంటనే సరే అన్నారు. ఇక మిగిలింది ఆమె.

ఏప్రిల్ 9, మంగళవారం

ఉగాది. పచ్చడి చేతిలో పెట్టి చెబుదామనుకున్నాను. వనస్థలిపురం నుంచి మరిది నరేష్‌కుమార్ వచ్చి సాయంత్రం దాకా కదల్లేదు.

ఏప్రిల్ 13, శనివారం

ఈ ఇంట్లో నేను చెప్పలేను. హాల్లో ఉపేందర్ ఫోటో. వంటింట్లో ఆయన కొట్టించిన షెల్ఫ్. బాత్రూమ్‌లో ఆయన బిగించిన, ఇప్పటికీ కారే కుళాయి. ఎటు తిరిగినా వింటున్నట్టే ఉంటుంది.

చక్రపాణి ఫోన్ చేసి, పోనీ గుడిలో చెప్పండి అన్నారు. అత్తమ్మ శనివారాలు కర్మన్‌ఘాట్ హనుమంతుడి దగ్గరికి పోతుంది. అక్కడ ఆమెకి తెలిసిన ఆడవాళ్లే ఒక బస్సుకి సరిపడా ఉంటారు. గుడి వద్దన్నాను. అయితే మనుషులు లేని చోటికి తీసుకెళ్లండి అన్నారు, నవ్వుతూ.

ఆయన నవ్వుతూ అన్న మాటలు నేను సీరియస్‌గా తీసుకుంటాను. ఎల్బీనగర్ ట్రావెల్స్‌లో అండమాన్ గ్రూప్ టూర్ బుక్ చేశాను. వంటమనిషి కూడా వస్తాడట. సముద్రంలో దీవులు, నీళ్లడుగున పగడాలు, మునిగిపోయిన ఓడ, అన్నీ ఒక నేషనల్ పార్కులో ఉన్నాయని ట్రావెల్స్ అబ్బాయి ఫోన్‌లో ఫోటోలు చూపించాడు. అందులో ప్రతి చేపా పెళ్లికి తయారైనట్టు ఉంది.

అత్తమ్మ అడిగిన మొదటి ప్రశ్న, అక్కడ ఏం గుడి ఉంది. గుడి కాదు, సముద్రం అన్నాను. గుడి లేని ఊరికి ఎవలన్న పోతరా అంది. కాసేపు ఆగి, సముద్రం సుట్టూతుంటదా అని అడిగింది. చుట్టూ ఉంటుందన్నాను. సరే తియ్యి, పోదాం అంది.

ఏప్రిల్ 21, ఆదివారం. పోర్ట్‌బ్లెయిర్

తెల్లారకముందే ఎయిర్‌పోర్ట్. గ్రూప్‌లో సగం మంది కోస్తా వాళ్లు, సగం మంది మా వాళ్లు. పచ్చడి సీసాల దగ్గర మాత్రం తేడా లేదు.

విమానంలో బ్యాగ్ పైన పెట్టబోయి అత్తమ్మ ఆగిపోయింది. కుడి భుజం లేవదు ఆమెకి. పెళ్లైన నాటినుంచీ ఆసు పోసింది. చీరకి కావాల్సిన నూలుని చట్రం మీది మేకులకి చేత్తో ముందుకూ వెనక్కీ తిప్పుతూ చుట్టడం అది. పొద్దంతా ఆ చెయ్యి ఊగుతూనే ఉండాలి. ఆ తర్వాత గుర్తులు పెట్టిన చోటల్లా నూలుకి గట్టిగా కట్లు కట్టేది. పోచంపల్లిలో ఆమె కట్టిన కట్టులోకి రంగు దూరదని పేరు. ఆ చీరలు అమ్మే మేము ఏసీలో కూర్చున్నాం. బ్యాగ్ నేనే పైన పెట్టాను.

మా పక్క గది నాగేశ్వరి గారిది. చైతన్యపురిలో టీచర్‌గా రిటైరయ్యారు, ఊరు బాపట్ల. మీరిద్దరూ తల్లీకూతుళ్లాండీ అని అడిగారు. కోడలు అంది అత్తమ్మ, కొంచెం గట్టిగా.

ఏప్రిల్ 22, సోమవారం

సోమవారం పార్కుకి సెలవట. నేనూ సెలవు తీసుకున్నాను.

ఏప్రిల్ 23, మంగళవారం

వండూర్ జెట్టీ దగ్గర బ్యాగులన్నీ విప్పించారు. ప్లాస్టిక్ లోపలికి పోకూడదు. దీవి నుంచి ఏదీ బయటికి రాకూడదు, గవ్వ కూడా. మా వంటమనిషి పులిహోర స్టీలు డబ్బాల్లో కట్టాడు కాబట్టి బతికిపోయాం. నాగేశ్వరి గారి చిప్స్ పాకెట్లు జెట్టీలోనే ఉండిపోయాయి. ఆమె ముఖం చూడలేకపోయాను.

దీవి దగ్గర అడుగున అద్దం బిగించిన చిన్న పడవలోకి మార్చారు. నడిపే అబ్బాయి పేరు రాజు. తాత కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. తెలుగు వినపడగానే అత్తమ్మ వెళ్లి అతని పక్కనే కూర్చుంది.

పగడం ఎర్రగ గద ఉంటది, పుస్తెల పక్కన గుచ్చుతం, అదే అనుకున్న అంది. తర్వాత అద్దంలోకి వంగింది.

కింద అంతా తెలుపు. కొమ్మలు కొమ్మలుగా, గుండ్రంగా, పళ్లేల్లా పరుచుకుని, మధ్యమధ్యలో గోధుమ రంగు. తెలుపు అంటే మామూలు తెలుపు కాదు. నీళ్లలోంచి కూడా మెరుస్తోంది. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎవలు కట్టిన్రే గింత సాపుగ అంది. ఒక్క తాన రంగు పోలేదు సూడు అంది.

నాకూ అలాగే అనిపించింది. మా పనిలో తెలుపంటే కాపాడుకున్నది. చీరంతా రంగులో ముంచుతాం, కట్టిన చోట మాత్రం నూలు పుట్టినప్పుడెట్లా ఉందో అట్లానే మిగులుతుంది. కట్టు వదులైతే రంగు పాకి తెలుపు మాసిపోతుంది. కస్టమర్‌కి చీర చూపించేటప్పుడు నేను మొదట వేలు పెట్టేది తెలుపు మీదే. అత్తమ్మ ఇదంతా నాగేశ్వరి గారికి వివరంగా చెబుతోంది. నేను ఫోటోల మీద ఫోటోలు తీస్తున్నాను. నీలం మీద ఈ తెల్ల కొమ్మలు ఎత్తితే ఎలా ఉంటుందా అని అప్పుడే ఒక చీర తలలో నేసేశాను.

రాజు ఇంజన్ ఆపాడు. అమ్మా, అది మంచి తెలుపు కాదమ్మా అన్నాడు. ఈ ఏడు నీళ్లు కాగిపోనాయి, వేడికి తట్టుకోలేక రంగంతా వదిలీసినాయి, నిరుడు ఇక్కడ ఎన్ని రంగులుండేవో అన్నాడు.

నేను ఫోన్ కిందికి దించాను. అత్తమ్మ అడిగింది, సచ్చిపోయినయా బిడ్డా అని. ఇంకా లేదమ్మా, పేణం ఉంది, వానలు పడి నీళ్లు చల్లారితే కొన్నింటికి రంగు తిరిగొస్తాది, రాకపోతే నాచు పట్టేస్తాది అన్నాడు.

అత్తమ్మ అద్దం మీదినుంచి తల ఎత్తలేదు. వెనక్కి వచ్చేటప్పుడు నాతో మెల్లగా అంది. రంగు అంటకపోవుడు వేరే, ఉన్న రంగు పోవుడు వేరే. నేను ఎట్ల గుర్తు పట్టకపోతినే అంది.

ఇవాళ ఏం చెబుతాను.

ఏప్రిల్ 24, బుధవారం

చెప్పేశాను.

వరసగా రాస్తాను. పొద్దున పార్కులోనే ఇంకో వైపుకి పోయాం. ఎప్పుడో మునిగిన ఓడ. రాజు ఒక పేరు చెప్పాడు, పక్క పడవ అతను ఇంకో పేరు చెప్పాడు. కొంచెం ఇనుము నీళ్లపైకి లేచి తుప్పు పట్టి ఉంది. మిగతాదంతా కింద. అద్దంలోంచి చూస్తే ఇనుప దూలాలు, మెట్లు, ఒక గుండ్రటి కిటికీ. వాటి మీద ఊదా, పసుపు, నారింజ. నిన్న లేని రంగులన్నీ ఇక్కడికి వచ్చి కూర్చున్నట్టున్నాయి. ఆ కిటికీలోంచి చేపలు ఇంట్లో వాళ్లలాగా వచ్చిపోతున్నాయి. ఇక్కడ లోతు ఎక్కువ, వేడి అంతగా దిగలేదన్నాడు రాజు.

మనుషులు పోయిన్రా అండ్ల అని అత్తమ్మ అడిగింది. అందరూ బయటపడ్డారని విన్నానన్నాడు. అయినా ఆమె దండం పెట్టి, కొంగు ముడి విప్పి రూపాయి తీసింది. నది కనపడితే బస్సులోంచైనా వేసే మనిషి. రాజు చెయ్యి అడ్డం పెట్టాడు. వెయ్యకూడదమ్మా, తియ్యకూడదు, వెయ్యకూడదు. అత్తమ్మ రూపాయి మళ్లీ కొంగున కట్టుకుంది.

తర్వాత దీవి మీద చెట్ల నీడన పులిహోర. నాగేశ్వరి గారు లైఫ్ జాకెట్ వేసుకుని స్నార్కెలింగ్‌కి పోయారు. మేమిద్దరమే. ఆమె తింటుండగా చెప్పాను. మెత్తగా చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయాను. పేరు, పని, ఊరు, ఆగస్టు. పరీక్షలో జవాబులు ఒప్పజెప్పినట్టు చెప్పాను.

చేతిలోని పులిహోర ముద్ద తినేసింది. డబ్బా మూత పెట్టింది. ఉప్పి ఉన్నప్పుడా, పోయినంకనా అంది.

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లు చూసిన మనిషివి, అదా అడిగేది అన్నాను. అడుగుత, తల్లిని గద అంది. పోయినంకనే, నిరుడు అన్నాను. తల ఊపింది.

నువ్వు మాతోనే ఉండాలె అన్నాను. నువ్వు లేకుంటే నాకు ఆ ఇల్లు వద్దు, ఏ ఇల్లూ వద్దు అన్నాను. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. అప్పుడు ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఏ వరసతోటి ఉండాలె నేను ఆ ఇంట్ల? నువ్వు కోడలివైతె నీ మొగడు నాకు కొడుకు కావాలె. నా కొడుకు పోయిండు. ఇంకొకన్ని కొడుకా అని పిలుసుడు నాతోని కాదు.

ఆమె లేచి ఒడ్డు వెంట నడుచుకుంటూ పోయింది. ఎక్కడో వంగి లేచింది. నేను వెనక పోలేదు.

సాయంత్రం జెట్టీలో మళ్లీ బ్యాగులు చూశారు. అత్తమ్మ బ్యాగ్‌లో ఏమీ లేదు. ఫారెస్ట్ ఉద్యోగిని ఒకామె కొంగు ముడి వైపు చూపించింది. రూపాయి అన్నాను నేను. అత్తమ్మ నా వైపు చూసి, తనే ముడి విప్పింది. రూపాయితో పాటు తెల్ల పగడం ముక్క, చిటికెన వేలంత. ఫోటో కాడ పెడ్దామనుకున్న, ఉప్పి సముద్రం సూడలే అంది. అది నేను హిందీలో సగమే చెప్పాను. ఆమెకి ఏం అర్థమైందో, జుర్మానా మాట ఎత్తలేదు. చెయ్యి మాత్రం చాపింది. అత్తమ్మ ఆ చేతిలో పెట్టలేదు. రాజుని పిలిచి ఇచ్చింది. ఏడికెళ్లి తెచ్చిన్నో ఆడనే ఎయ్యి బిడ్డా, ఇంకేడనో ఎయ్యకు అంది.

ఏప్రిల్ 25, గురువారం

అత్తమ్మ రోజంతా నాగేశ్వరి గారి పక్కనే కూర్చుంది. నేను మంచం మీద మర్చిపోయిన టోపీ మాత్రం తెచ్చి ఇచ్చింది.

ఏప్రిల్ 27, శనివారం. హైదరాబాద్

నరేష్ ఎయిర్‌పోర్ట్‌కి కారు తెచ్చాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో అత్తమ్మ అతనితో, ఇంటికి పోదాం పా అంది. ఏ ఇంటికమ్మా అన్నాడు. మీ ఇంటికి అంది. నన్ను అక్కడే మెట్రో మెట్ల దగ్గర దింపారు. సూట్‌కేస్‌తో పైకి ఎక్కుతుంటే ఎవరో అబ్బాయి సాయం చేస్తానన్నాడు. వద్దన్నాను, అనవసరంగా గట్టిగా.

మే 5, ఆదివారం

సీరియల్‌లో ఆ మనిషి ఇవాళ దొరికిపోయాడు. ఒక్కదాన్నే తిట్టాను. మజా రాలేదు.

మే 12, ఆదివారం

నరేష్ వచ్చాడు. కూర్చోలేదు. వదినా, నలుగురు ఏమంటరు అన్నాడు.

నేను ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాను. ఆ నలుగురిలో ఒక్కడైనా మీ అన్న దవాఖానల ఉన్నప్పుడు గేటు దాకా వచ్చిండా అన్నాను. ఆక్సిజన్ కోసం నేను తిరుగుతుంటే ఫోన్ ఎత్తారా అన్నాను. ఇంకా చాలా అన్నాను. అతను అంతా విని, నేనొచ్చిన గద వదినా అన్నాడు.

నిజం. వచ్చాడు. రోజూ వచ్చాడు. ఆ నలుగురి మీది కోపం వచ్చిన ఒక్కడి మీద తీర్చుకున్నాను.

తర్వాత కూర్చున్నాడు. టీ తాగాడు. అమ్మ సరిగ తింటలేదు వదినా, ఏమన్న అడిగితే భుజం నొస్తుందంటది అన్నాడు. నూనె సీసా ఇచ్చి పంపాను. అది రాసేది నేనే.

మే 19, ఆదివారం

చక్రపాణి కొన్నాళ్లు ఆగుదామా అన్నారు. పెళ్లి మానేద్దామంటారా అని మీద పడ్డాను. అది కాదండీ, పెద్దావిడ మనసు కుదుటపడేదాకా అంటున్నాను, మీరు ప్రతిదానికీ ఇలా పైకి లేస్తే ఎలా అన్నారు. పాపం ఆయన గొంతు ఎప్పుడూ పెంచరు. అది ఇంకా కోపం తెప్పిస్తుంది.

అత్తమ్మ రాకపోయినా నేను ఈ పెళ్లి చేసుకుంటాను. ఈ వాక్యం రాయడానికి చాలా సేపు పట్టింది. చేసుకుంటాను, కానీ ఆ పెళ్లిలో సంతోషంగా ఉన్నట్టు నటించాల్సి వస్తుంది. నాకు నటన రాదు.

జూన్ 16, ఆదివారం

పొద్దున్నుంచీ వాన. గడ్డిఅన్నారం వైపు రోడ్డంతా నీళ్లు. షాపు ఆలస్యంగా తీశాను.

మధ్యాహ్నం ఫోన్. అత్తమ్మ. దీవి తర్వాత తనంతట తాను చేయడం ఇదే మొదటిసారి. బాగున్నవా అనలేదు. ఆడ వానలు పడ్డయా అంది. ఎక్కడ అన్నాను. ఆడనే, నీళ్లు సల్లబడ్డయో లేదో ఆ పిలగాన్ని అడుగు అంది. పెట్టేసింది.

జూన్ 18, మంగళవారం

రాజు ఫోన్‌లో దొరికాడు. వానలు బాగానే పడుతున్నాయట, పార్కు మూసేశారట. అయినా మొన్న ఫారెస్ట్ వాళ్లతో పోయాడట. కొన్నింటికి రంగు మొదలైంది, చాలావాటికి నాచు పట్టేసింది, ముఖ్యంగా ఒడ్డు దగ్గరవాటికి అన్నాడు. ఓడ మీదివి బాగున్నాయమ్మా, అమ్మమ్మకి చెప్పండి అన్నాడు.

అత్తమ్మకి ఫోన్ చేసి అన్నీ బాగైపోయాయని చెప్పేద్దామా అని ఒక నిమిషం అనుకున్నాను. చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. వెనక మనవడి టీవీ చప్పుడు. కొన్నన్న మళ్లినయి గద అంది అత్తమ్మ. నూనె అయిపోయింది, పంపు అంది.

నేనే తీసుకుని పోయాను. భుజానికి రాశాను. ఇద్దరం సీరియల్ చూశాం. పెళ్లి మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

జూలై 10, బుధవారం

చక్రపాణి పట్టుబట్టారు. ఇదంతా మీ ఇద్దరి మధ్యా వదిలేసి నేను దూరంగా కూర్చోవడం మర్యాద కాదండీ, ఆదివారం వెళ్లి ఆవిణ్ణి చూసొస్తాను అన్నారు. సరే, అడుగుతానన్నాను.

అడిగాను. ఇప్పుడు వద్దు అంది అత్తమ్మ. ఆషాఢం పోనీ, శ్రావణంల రమ్మను అంది.

ఇదేం సాకు. ఒక మనిషి వచ్చి కాసేపు కూర్చుని టీ తాగి పోవడానికి ఆషాఢం అడ్డమా? నరేష్ ఇంటికి ఈ నెల్లో ఎవరూ రావట్లేదా? వద్దంటే వద్దని చెప్పొచ్చు, నేను తట్టుకుంటాను. పంచాంగం వెనక దాక్కోవడం ఎందుకు. నాకు చాలా కోపంగా ఉంది. ఆయనకి ఫోన్ చేసి ఆమె మిమ్మల్ని చూడనంటోందని చెప్పాను. అలాగేనండీ అన్నారు. అదీ కోపమే.

జూలై 11, గురువారం

ఆషాఢం ఆఫర్. షాపు కిటకిట. కొత్తగా పెళ్లైన కూతుర్ని వెంటబెట్టుకుని ఒక తల్లి వచ్చింది, హయత్‌నగర్ అట. అల్లుడు రాలేదా అని మాటవరసకి అడిగాను. రోడ్డు మీద బండి దగ్గరే నిలబడ్డడు మేడమ్ అందామె. ఈ నెల మా గడప తొక్కద్దు గద, పొద్దున బిడ్డను తోలనీకి వచ్చినా గేటు బయట్నే నిలబెట్టినం, పాపం చాయ్ కూడ గేటు మీదికెళ్లే ఇచ్చిన అని నవ్వింది.

చీర మడత విప్పుతూ ఉన్నదాన్ని అట్లాగే ఆగిపోయాను.

ఆషాఢంలో చుట్టాలు రావచ్చు. పాలవాడు రావచ్చు, నరేష్ ఆఫీసు వాళ్లు రావచ్చు. దారిన పోయే ఎవరైనా వచ్చి టీ తాగి పోవచ్చు. అత్త గడప తొక్కకూడనిది ఒక్క అల్లుడే.

కౌంటర్ అమ్మాయికి చీర అప్పజెప్పి గోడౌన్‌లోకి పోయాను. బస్తాల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత ఫోన్ చేశాను. అత్తమ్మా, నాకు ఇప్పుడు సమజైంది అన్నాను. నిన్న చెప్తే ఇయ్యాల సమజైందా, నువ్వేం యాపారం చేస్తవే అంది.

జూలై 21, ఆదివారం

వనస్థలిపురం పోయాను. అత్తమ్మ అంతా ఆలోచించి పెట్టుకుంది. ఇంకొకన్ని కొడుకు అననన్న, ఇప్పుడూ గదే మాట అంది. బిడ్డ మొగడు అల్లుడైతడు, అల్లున్ని అల్లుడా అని పిలిసేతందుకు నాకు నోరు ఉంది. నాకు ఆడపిల్ల లేదు, నీకు తల్లిగారి దిక్కు ఎవ్వలు లేరు. అంతే చెప్పింది. ఇంకేం చెబుతుంది.

అప్పుడు నరేష్ నిజాయితీగా ఒక అనుమానం అడిగాడు. అల్లుడింట్ల అత్త ఉంటదా అమ్మా, రివాజు లేదు గద అన్నాడు. ఉండ అంది ఆమె. దిల్‌సుఖ్‌నగర్ ఇల్లు నాది, నా ఇంట్ల అల్లుడే ఉంటడేమో అడుగున్రి.

బయటికి వచ్చి చక్రపాణికి ఫోన్ చేశాను. ఇల్లరికమా అన్నారు. అవునన్నాను. పుస్తకాలు చాలా ఉన్నాయండీ, మీకు షెల్ఫులు ఉన్నాయా అన్నారు.

ఆగస్టు 4, ఆదివారం

ఆషాఢం ఇవాళ్టితో ఆఖరు. ఆయన పుస్తకాలు ఆటోలో వచ్చాయి. ఆయన రాలేదు. గల్లీ చివర నిలబడి ఏ డబ్బా ఎక్కడ పెట్టాలో ఫోన్‌లో చెప్పారు. నిన్ననే ఇంటికి తిరిగొచ్చిన అత్తమ్మ బాల్కనీలోంచి ఆయన్ని చూసింది. పొడుగున్నడు అంది.

ఆగస్టు 9, శుక్రవారం

పొద్దున రిజిస్ట్రార్ ఆఫీసు. తన్మయి వచ్చింది. నాగేశ్వరి గారు వచ్చారు, అక్షింతలు తనే తెచ్చుకున్నారు.

మధ్యాహ్నం ఇంట్లో నాకు ఒడిబియ్యం పోశారు. పెళ్లైన ఆడపిల్ల ఒడిలో తల్లిగారింటి వాళ్లు పోసే పసుపు బియ్యం. అత్తింటి వాళ్లు పోసేది కాదు. నాకు చివరిసారి పోసింది మా అమ్మ, ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది. ఆ తర్వాత పోసే దిక్కు లేదు. ఉపేందర్ పోయాక ఆ లెక్కే లేదు.

బియ్యం అత్తమ్మే కలిపింది. భుజం లేవకపోయినా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పెద్ద పళ్లెంలో పసుపు, నూనె వేసి, అడుగునుంచి పైకి, పైనుంచి అడుక్కి. చాలమ్మా, కలిసింది అన్నాడు నరేష్. వంగి చూసింది. ఏడ కలిసింది, తెల్లగ ఒక్క గింజ ఉండద్దు అంది. మళ్లీ కలిపింది.

నరేష్, అతని భార్య పీటల దగ్గర కూర్చుని పోశారు. కొంగు పట్టు వదినా అనబోయి ఆగాడు. కొంగు పట్టక్కా అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. కొంగులో బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ. బరువుకి లేవలేకపోతే అత్తమ్మ ఎడమ చేత్తో పట్టి లేపింది.

చక్రపాణి గడప దగ్గర ఏ కాలు ముందు పెట్టాలో తెలీక నిలబడిపోయారు. ఏ కాలైనా పెట్టు అల్లుడా, చాయ్ సల్లగైతుంది అంది. ఆయన లోపలికి వచ్చి ముందు ఉపేందర్ ఫోటో దగ్గర ఆగారు. దాన్ని తీయొద్దని ఆయనే చెప్పారు నాకు, ఎప్పుడో.

ఆగస్టు 10, శనివారం

పొద్దున వంటింట్లో ఆమె అటు తిరిగి చాయ్ పోస్తోంది. అమ్మా అన్నాను. తిరగలేదు. ఇంకోసారి అన్నాను.

ఏందే, వింటున్న అంది.